కొత్త చేపల తొట్టిలో అమ్మోనియా పెరుగుతోందా? విజయవాడ, గుంటూరు నీళ్లతో సైక్లింగ్ ఇలా చేయండి

కొత్త తొట్టిలో నీళ్లు నింపిన వారం పది రోజులకు టెస్ట్ చేస్తే అమ్మోనియా 2 పీపీఎం (లీటరుకు 2 మిల్లీగ్రాములు) చూపిస్తుంది. ఇంకో రెండు రోజులకు 3. అది చూసి కంగారుపడి నీళ్లన్నీ పారబోసి, రాళ్లు ఎండబెట్టి, ఫిల్టరు స్పాంజిని పంపు కింద పిండి, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టేవాళ్లే ఎక్కువ. రెండు వారాలకు మళ్లీ అదే అంకె, మళ్లీ అదే కడుగుడు.

తొట్టిలో చేపలు లేకపోతే ఆ అంకె చూసి మీరు చేయాల్సింది దాదాపు ఏమీ లేదు. చేపలు ఉంటే మాత్రం ఆ రోజే పని మొదలుపెట్టాలి. ఎంత తొందరపడాలో అమ్మోనియా అంకె ఒక్కటే చెప్పదు, పీహెచ్‌నీ (నీళ్లు ఎంత ఆమ్లమో, ఎంత క్షారమో చెప్పే అంకె) నీళ్ల వేడినీ పక్కన పెట్టుకుని చూడాలి. మన దగ్గర ఆ రెండూ ఎక్కువే కాబట్టి, చలి దేశాల వాళ్లు ఇచ్చే అంకెలు ఇక్కడ ఉన్నవి ఉన్నట్టు పనికిరావు.

లోపల ఏం జరుగుతోంది

మేత, చేపల విసర్జన, కుళ్లిన ఆకు, ఏదైనా చివరికి అమ్మోనియాగా మారుతుంది. ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్ చేస్తుంది. ఇంకో రకం, ముఖ్యంగా నైట్రోస్పైరా, ఆ నైట్రైట్‌ని నైట్రేట్ చేస్తుంది. మొదటి రెండూ చేపకు విషమే. నైట్రేట్ కొంతవరకు ఫరవాలేదు, నీళ్లు మార్చి తగ్గించుకోవచ్చు. ఈ రెండు రకాల బ్యాక్టీరియా స్పాంజిలో, సిరామిక్ రింగుల మీద, అడుగు రాళ్ల మీద చాలినంతగా పట్టేదాకా ఆగడమే సైక్లింగ్. నీళ్లలో తేలుతూ ఉండేవి చాలా తక్కువ. అందుకే నీళ్లు మార్చితే సైకిల్ పోదు, స్పాంజిని క్లోరిన్ నీళ్లలో కడిగితే పోతుంది.

పాలను పెరుగు చేసే బ్యాక్టీరియా గంటా గంటన్నరలో రెట్టింపైతే, వీటికి దాదాపు ఒక రోజు పడుతుంది. తొందరపెడితే పెరిగే రకం కాదు. మన వాతావరణంలో నీళ్లు 28 నుంచి 31 డిగ్రీల మధ్య ఉంటాయి కాబట్టి హీటరు అక్కర్లేదు, 4 నుంచి 6 వారాల్లో పూర్తవుతుంది. పాత తొట్టి స్పాంజి దొరికితే వారం, రెండు వారాలు చాలు.

అసలు తేల్చుకోవాల్సింది: ఏ నీళ్లు పోశారు?

విజయవాడలో మున్సిపల్ నీళ్లు కృష్ణా నది నుంచి వచ్చి, క్లోరిన్ కలిపి వదిలినవి. గుంటూరుకు తక్కెళ్లపాడు, సంగం జాగర్లమూడి ప్లాంట్ల నుంచి వస్తాయి. ఇవి చేపలకు మంచి నీళ్లే, క్లోరిన్ తీసేస్తే చాలు. పీహెచ్ సాధారణంగా 8కి కాస్త అటూ ఇటూ ఉంటుంది. వరద రోజుల్లో నది ఎర్రనీళ్లు తెచ్చినప్పుడు పటిక, క్లోరిన్ ఎక్కువ వేసే అవకాశం ఉంది. ఆ నెలల్లో క్లోరిన్ తీసే హైపో వేయకుండా ఒక్క బకెట్ కూడా పోయకండి.

బోరు నీళ్లలో క్లోరిన్ ఉండదు. కానీ గట్టి నీళ్లు, పీహెచ్ ఎక్కువ. ఇందులో ఒక మోసం ఉంది: అప్పుడే పట్టిన బోరు నీళ్లలో కార్బన్ డయాక్సైడ్ కరిగి ఉంటుంది కాబట్టి పీహెచ్ 7.2 చూపించి, ఒక రోజు గాలి తగిలాక 8.2కి ఎక్కి కూర్చుంటుంది. బకెట్‌లో ఎయిర్ స్టోన్ వేసి 24 గంటలు ఉంచి, ఆ తర్వాత టెస్ట్ చేసిన అంకెనే నమ్మండి. వ్యవసాయ ప్రాంతాల బోర్లలో నైట్రేట్ ముందే ఉండొచ్చు, అది కూడా మొదటి రోజే చూసి రాసి పెట్టుకోండి. లేకపోతే తర్వాత కనిపించే నైట్రేట్‌ని చూసి సైకిల్ అయిపోయిందని పొరబడతారు.

అపార్ట్‌మెంటుల్లో ఇంకో తిప్పలు. సంపులో ఒకరోజు మున్సిపల్ నీళ్లు, ఒకరోజు బోరు, ఎండాకాలంలో ట్యాంకరు నీళ్లు. నీళ్లు మార్చే ప్రతిసారీ పీహెచ్ చూసుకోవాల్సింది మీరే.

ఇక 20 లీటర్ల మినరల్ వాటర్ టిన్ను నీళ్లు, ఆర్‌ఓ నీళ్లు. "చేపలకు శుభ్రమైన నీళ్లు పోద్దాం" అని ఇవి నింపేవాళ్లు బోలెడుమంది. సైక్లింగ్ మధ్యలో ఆగిపోవడానికి మన దగ్గర కనిపించే పెద్ద కారణం ఇదే. 1 మిల్లీగ్రాము అమ్మోనియా నైట్రేట్ అవడానికి నీళ్లలోని క్షారత, అంటే కేహెచ్ నుంచి దాదాపు 6 మిల్లీగ్రాములు ఖర్చవుతుంది. 2 పీపీఎం అమ్మోనియా ఒక్కసారి మారితే లీటరుకు 12 మిల్లీగ్రాములు పోయినట్టే. ఆర్‌ఓ నీళ్లలో ఉన్నదే కాస్త, రెండు మూడు డోసులకు అయిపోతుంది. ఆపైన పీహెచ్ జారిపోతుంది. 6.5 దిగితే బ్యాక్టీరియా మందగిస్తుంది, 6 దగ్గర దాదాపు పని మానేస్తుంది. అప్పుడు అమ్మోనియా కదలకుండా అలాగే నిలబడుతుంది.

మున్సిపల్ నీళ్లు ఉంటే అవే వాడండి. బోరు మాత్రమే ఉంటే, రెండు వంతుల బోరు నీళ్లకు ఒక వంతు ఆర్‌ఓ కలపండి. ఒట్టి ఆర్‌ఓతో సైక్లింగ్ చేయొద్దు.

తొట్టి సిద్ధం చేయడం

లెక్కలన్నీ రెండడుగుల తొట్టికి చెబుతున్నా: 24 అంగుళాల పొడవు, 12 వెడల్పు, 12 ఎత్తు. అంచుదాకా 56 లీటర్లు. రాళ్లు వేసి, పైన కాస్త వదిలితే అసలు నీళ్లు 45 లీటర్ల దాకా ఉంటాయి. మీ తొట్టి వేరే సైజైతే నింపేటప్పుడే బకెట్లు లెక్కపెట్టుకోండి. మందు వేసే ప్రతిసారీ ఆ లెక్కే కావాలి.

ఫిల్టరు: ఎయిర్ పంపుతో నడిచే స్పాంజి ఫిల్టరు ఈ సైజుకు సరిపోతుంది. పవర్ ఫిల్టరు వాడేవాళ్లు అందులో కార్బన్ తీసి సిరామిక్ రింగులు, గరుకు స్పాంజి పెట్టుకోండి. 24 గంటలూ నడవాలి. రాత్రి చప్పుడవుతోందని ఆపేస్తే పెరిగిన బ్యాక్టీరియాకు ఆక్సిజన్ అందదు.

క్లోరిన్‌కు హైపో, అంటే సోడియం థయోసల్ఫేట్ గళ్లు. 10 గ్రాములు తీసుకుని 100 ఎంఎల్ ఆర్‌ఓ నీళ్లలో కరిగించి సీసాలో పెట్టుకోండి. 10 లీటర్ల నీళ్లకు 1 ఎంఎల్ వేస్తే కుళాయి నీళ్లలో మామూలుగా ఉండే 1 పీపీఎం క్లోరిన్ పోతుంది, కొంచెం మిగులు కూడా ఉంటుంది. బకెట్‌లోనే వేసి కలిపి, తర్వాతే తొట్టిలో పోయండి. క్లోరిన్ నీళ్లు నేరుగా పోస్తే తొట్టిలోని అమ్మోనియాతో కలిసి క్లోరమిన్ అవుతుంది, అది తొందరగా వదలదు. హైపో అమ్మోనియాను తగ్గించదు, క్లోరిన్‌ను మాత్రమే తీస్తుంది. షాపులో తొట్టితోపాటు ఇచ్చే నీలం మందు ఇప్పుడు వేయొద్దు. చాలా సీసాల్లో మిథిలీన్ బ్లూ ఉంటుంది, అది మీరు పెంచుతున్న బ్యాక్టీరియానే దెబ్బతీస్తుంది.

సైక్లింగ్ పూర్తయ్యేదాకా లైటు వేయనక్కర్లేదు. వేస్తే పెరిగేది పాచే. ఇంకో సంగతి: చేపల్లేని తొట్టి నెల రోజులు మూత లేకుండా ఉంటే మన ఊళ్లలో దోమలు ఊరుకుంటాయా? పైన సన్నటి వల కప్పండి. దోమ పిల్లలు కనిపిస్తే జల్లెడతో తీసేయండి, కిరోసిన్, దోమల మందు లాంటివి దగ్గరికి కూడా రానివ్వకండి.

అమ్మోనియా కొలిచి వేయడం

బ్యాక్టీరియా పెరగాలంటే దానికి తిండి కావాలి, ఆ తిండి అమ్మోనియా. చేపల చేత ఆ పని చేయించడం వాటిని హింసించడమే. అమ్మోనియం క్లోరైడ్ వాడండి. ల్యాబ్ కెమికల్స్ అమ్మే షాపుల్లో పొడిగా దొరుకుతుంది. గిన్నెలకు కళాయి వేసేవాళ్లు వాడే నవాసాగరం కూడా ఇదే పదార్థం, కానీ అందులో ఇంకేం కలిసి ఉందో చెప్పలేం, తొట్టిలో వేయొద్దు.

నగల తూకానికి వాడే చిన్న డిజిటల్ కాటా మీద 3.15 గ్రాములు తూచి, 100 ఎంఎల్ ఆర్‌ఓ నీళ్లలో కరిగించండి. ఈ ద్రావణం 1 ఎంఎల్‌లో 10 మిల్లీగ్రాముల అమ్మోనియా ఉంటుంది. అంటే 10 లీటర్లకు 1 ఎంఎల్ వేస్తే 1 పీపీఎం. 45 లీటర్ల తొట్టికి 2 పీపీఎం కావాలంటే 9 ఎంఎల్. సూది తీసేసిన సిరంజితో కొలవండి. సీసా మీద పేరు రాసి పిల్లలకు అందని చోట పెట్టండి.

2 పీపీఎం దాటించకండి. ఎక్కువ వేస్తే ఎక్కువ బ్యాక్టీరియా వస్తుందన్న ఆశతో 5, 6 దాకా తీసుకెళ్తారు కొందరు. మన పీహెచ్, మన వేడిలో అంత అమ్మోనియా ఉంటే నైట్రైట్‌ను తినే రెండో రకం బ్యాక్టీరియా పెరగడం మందగిస్తుంది. ముందు మెట్టు బాగా నడిచి, రెండో మెట్టు దగ్గర వారాల తరబడి ఆగిపోతుంది.

కాటా, కెమికల్ దొరక్కపోతే మేతతో చేయొచ్చు. రోజుకు పావు నుంచి అర గ్రాము పొడి మేత వేయండి. కుళ్లి అమ్మోనియా కనబడటానికి మూడు నాలుగు రోజులు పడుతుంది. 2 దగ్గరికి రాగానే ఆపండి. పచ్చి రొయ్య ముక్క వేసే పద్ధతి కూడా ఉంది. పనిచేస్తుంది కానీ ఇల్లంతా వాసన, పైగా ఎంత అమ్మోనియా వస్తుందో మన చేతిలో ఉండదు. వేయాలనుకుంటే పలచటి గుడ్డలో కట్టి వేయండి, అంకె చేరగానే తీసేయొచ్చు.

యూరియా వేయొద్దు, అది నేరుగా అమ్మోనియా కాదు, ఎప్పుడు ఎంత మారుతుందో లెక్కకు అందదు. డీఏపీ వేస్తే ఫాస్ఫేటుతో తొట్టి పచ్చబడుతుంది. సువాసన కలిపిన, నురగ వచ్చే క్లీనింగ్ అమ్మోనియా అసలే వద్దు.

టెస్ట్ సరిగ్గా చేయడం

కాగితం స్ట్రిప్పులు చాలావాటిలో అమ్మోనియా టెస్ట్ ఉండదు. చుక్కల కిట్ కొనండి. ఏపీఐ కిట్‌లో అమ్మోనియాకు పద్ధతి ఇది:

1. గాజు గొట్టంలో గీతదాకా, అంటే 5 ఎంఎల్, తొట్టి నీళ్లు పట్టండి.
2. మొదటి సీసా నుంచి 8 చుక్కలు, రెండోదాని నుంచి 8 చుక్కలు. సీసాను నిట్టనిలువుగా తలకిందులు చేయాలి. వాల్చి పట్టుకుంటే చుక్క సైజు మారి అంకె తేడా కొడుతుంది.
3. మూత పెట్టి ఊపి, 5 నిమిషాలు ఆగండి. పసుపైతే 0, ఆకుపచ్చకు తిరిగే కొద్దీ ఎక్కువ.

0కీ 0.25కీ తేడా రాత్రి పూట లైటు కింద తెలియదు. పగటి వెలుతురులో, తెల్ల కార్డు మీద చూడండి. అయినా అనుమానంగా ఉంటే పక్కనే ఇంకో గొట్టంలో టిన్ను నీళ్లతో అదే టెస్ట్ చేసి, రెండు రంగులూ పక్కపక్కన పెట్టండి.

నైట్రైట్‌కు 5 చుక్కలు, 5 నిమిషాలు. చుక్కలు పడీపడగానే ముదురు ఊదా రంగు వస్తే అంకె కార్డు దాటిపోయిందని అర్థం. ఒక వంతు తొట్టి నీళ్లకు తొమ్మిది వంతుల ఆర్‌ఓ నీళ్లు కలిపి మళ్లీ చేసి, వచ్చినదాన్ని 10తో గుణించండి. నైట్రేట్ కిట్‌లో రెండో సీసాను 30 సెకన్లు గట్టిగా ఊపకపోతే తప్పు అంకె వస్తుంది. ఇంకా నైట్రైట్ ఎక్కువగా ఉన్న రోజుల్లో నైట్రేట్ టెస్ట్ దాన్ని కూడా కలిపి చూపిస్తుంది, ఆ వారాల్లో దాన్ని పట్టించుకోవద్దు.

కైకలూరు, భీమవరం వైపు రొయ్యల రైతులు వాడే అమ్మోనియా కిట్లు కూడా మంచినీళ్ల తొట్టికి పనికొస్తాయి, కిట్ మీద రాసిన పద్ధతి ప్రకారం చేస్తే చాలు.

రోజులు గడిచే కొద్దీ

మొదటి 2 పీపీఎం డోసు వేశాక రెండు రోజులకొకసారి అమ్మోనియా చూడండి. మూడో రోజో ఐదో రోజో నీళ్లు తెల్లగా పాలలా కావచ్చు. అది వేరే రకం బ్యాక్టీరియా, దానంతట అదే పోతుంది, నీళ్లు మార్చకండి.

వారం నుంచి రెండు వారాల్లో అమ్మోనియా దిగడం, నైట్రైట్ కనబడటం మొదలవుతుంది. అమ్మోనియా 0.5కి వచ్చినప్పుడల్లా మళ్లీ 2కి తీసుకెళ్లండి. ఇక్కడి నుంచి నైట్రైట్ మీద కన్నేయాలి. 1 పీపీఎం అమ్మోనియా 2.7 పీపీఎం నైట్రైట్ అవుతుంది, అంటే 0.5 నుంచి 2కి తీసుకెళ్లే ఒక్కో డోసు దాన్ని ఇంకో 4 పెంచుతుంది. నైట్రైట్ 5 దాటితే డోసును 1 పీపీఎంకి తగ్గించి రోజు విడిచి రోజు వేయండి. 10 దాటితే సగం నీళ్లు మార్చండి. ఈ దశే అందరికీ విసుగు పుట్టించేది. రెండు మూడు వారాలు ఊదా రంగు కదలదు, ఒకరోజు పొద్దున్నే చూస్తే లేత నీలం.

రెండు వారాలైనా అమ్మోనియా అసలు దిగకపోతే ఈ వరసలో చూడండి. ముందు పీహెచ్: 7 కింద ఉంటే కేహెచ్ అయిపోయింది. 45 లీటర్లకు పావు టీస్పూను వంట సోడా, అంటే సుమారు 1.3 గ్రాములు, కేహెచ్‌ని 1 డిగ్రీ పెంచుతుంది. రెండు మూడు రోజుల్లో కేహెచ్‌ని 4 డిగ్రీలకు తీసుకెళ్లండి (ఇవి వేడి డిగ్రీలు కావు, కేహెచ్ కొలత). ఇది చేపలు లేని తొట్టికే, చేపలుంటే ఏమవుతుందో కింద చెప్తాను. తర్వాత క్లోరిన్: హైపో వేయకుండా నీళ్లు పోశారా? ఆపైన ఫిల్టరు ఆగకుండా నడుస్తోందా, నీళ్లు 34 డిగ్రీలు దాటాయా అన్నది. ఇవన్నీ బాగుండి, మీరు ఆర్‌ఓ కలిపిన నీళ్లతో కెమికల్ అమ్మోనియా వాడుతుంటే ఒక చిటికెడు చేపల మేత వేయండి. బ్యాక్టీరియాకు కాస్త ఫాస్ఫరస్ కూడా కావాలి, అది మేతలో దొరుకుతుంది.

బ్యాక్టీరియా సీసాల మాట. కొన్ని నిజంగా పనిచేస్తాయి. మే నెలలో కొరియరు వ్యానులో మూడు రోజులు ఎండలో తిరిగి వచ్చిన సీసాలో ఏం బతికి ఉంటుందో ఆలోచించండి. కొంటే తేదీ చూసి, చల్లటి నెలల్లో కొనండి. రొయ్యల చెరువుల ప్రోబయాటిక్ పొడులు చాలావరకు బాసిల్లస్ రకాలు. అవి బురదను, మిగిలిన మేతను కుళ్లబెడతాయి, అమ్మోనియాను నైట్రైట్ చేసే పని వాటిది కాదు. వీటన్నిటికంటే ఏడాది నడిచిన తొట్టిలోని ముక్క స్పాంజి నయం. ఆ తొట్టిలో జబ్బు చేపలు లేవని చూసుకుని, స్పాంజిని అదే నీళ్ల డబ్బాలో తడిగా, ఎండ తగలకుండా, గంట రెండు గంటల్లో తెచ్చి మీ ఫిల్టరులో దూర్చండి. బండి డిక్కీలో పెట్టి ఊరంతా తిప్పకండి.

చేపలు అప్పటికే వేసేసి ఉంటే

చాలా ఇళ్లలో కథ ఇక్కడి నుంచే మొదలవుతుంది: పిల్లల పుట్టినరోజుకు తొట్టి, అదే రోజు నాలుగు గోల్డ్‌ఫిష్, "శుభ్రం చేస్తుంది" అని చెప్పి అంటగట్టిన ఒక సక్కర్. గోల్డ్‌ఫిష్, సక్కర్ రెండూ విసర్జన ఎక్కువ చేసేవే.

కిట్ చూపించేది మొత్తం అమ్మోనియా. అందులో చేపను కాల్చేది ఒక భాగమే, మిగతాది అమ్మోనియం, దాంతో హాని తక్కువ. 30 డిగ్రీల నీళ్లలో ఆ విషపు భాగం ఇలా ఉంటుంది:

పీహెచ్ 7.0 దగ్గర 0.8 శాతం
7.5 దగ్గర 2.5 శాతం
8.0 దగ్గర 7.5 శాతం
8.5 దగ్గర 20 శాతం

విషపు భాగం 0.02 పీపీఎం లోపు ఉంచాలి, 0.05 దాటితే మొప్పలు దెబ్బతింటాయి. కాబట్టి పీహెచ్ 7 తొట్టిలో 1 పీపీఎం కనిపిస్తే ఆ రోజు మేత ఆపి మర్నాటికి నీళ్లు సిద్ధం చేసుకునే వ్యవధి ఉంది. బోరు నీళ్లు పోసిన పీహెచ్ 8 తొట్టిలో 0.25 కనిపించినా హద్దు మీదే ఉన్నట్టు, 0.5 అయితే వెంటనే మార్చాలి.

చేప పైకొచ్చి గుటకలు వేయడం, మొప్పలు ఎర్రబడటం, రెక్కలు ముడుచుకుని అడుగున పడి ఉండటం అమ్మోనియా గుర్తులు. మొప్పలు గోధుమ రంగుకు తిరిగితే నైట్రైట్‌ను అనుమానించండి.

మేత రెండు రోజులు పూర్తిగా ఆపండి, పెద్ద చేపలకు ఏమీ కాదు. తర్వాత రోజు విడిచి రోజు, నిమిషంలో తినేంత. మిగిలిన మేత, చచ్చిన చేప, కుళ్లిన ఆకు సైఫన్ పైపుతో లాగేయండి. నీళ్లు సగం మార్చితే అమ్మోనియా సగం అవుతుంది. 1 నుంచి 0.25కి రావాలంటే ఒకేసారి ముక్కాలు వంతు మార్చే బదులు, పొద్దున సగం, సాయంత్రం సగం మార్చండి. వేడి తేడా 2 డిగ్రీలు మించకూడదు. మే నెల మధ్యాహ్నం డాబా మీద ట్యాంకు నీళ్లు చెయ్యి పెట్టనివ్వవు, తెల్లవారుజామునే పట్టి ఇంట్లో పెట్టుకోండి.

ఇక జాగ్రత్తగా చదవాల్సిన చోటు. ఆర్‌ఓ నీళ్ల తొట్టిలో పీహెచ్ 6.5కి పడిపోయి, అమ్మోనియా 3 పీపీఎం ఉంది, చేపలు బాగానే తిరుగుతున్నాయి అనుకోండి. ఆ పీహెచ్ దగ్గర విషపు భాగం 0.01 కూడా ఉండదు. మీరు అంకె చూసి సగం నీళ్లు తీసి బోరు నీళ్లు పోశారు, పీహెచ్ 8కి ఎక్కింది. అమ్మోనియా 1.5కి తగ్గింది, కానీ విషపు భాగం 0.11 అయింది, ముందుకంటే పది రెట్లకు పైనే. మొప్పలు దెబ్బతిని చేపలు చచ్చిపోవచ్చు. వంట సోడా వేసినా ఇంతే. ఇలాంటి తొట్టికి నీళ్లు పదో వంతు చొప్పున, రోజుకు రెండు మూడుసార్లు, పీహెచ్ దగ్గరగా ఉన్న కలిపిన నీళ్లతో మార్చాలి. అమ్మోనియా 0.5 కిందికి వచ్చాకే పీహెచ్‌ను మెల్లగా పెంచాలి.

సీకెమ్ ప్రైమ్ లాంటి మందులు అమ్మోనియాను ఒకటి రెండు రోజులు హాని లేకుండా కట్టేస్తాయని తయారీదారులు చెబుతారు. మోతాదు 40 లీటర్లకు 1 ఎంఎల్. క్లోరిన్ తీయడానికి బాగా పనికొస్తుంది. అమ్మోనియా విషయంలో మాత్రం దాన్ని నమ్మి నీళ్లు మార్చడం మానకండి.

నైట్రైట్ దశకు ఉప్పు మంచి విరుగుడు. ఉప్పులోని క్లోరైడ్ మొప్పల దగ్గర నైట్రైట్‌ను లోపలికి పోనివ్వదు. 10 లీటర్లకు 1 గ్రాము కల్లుప్పు, అంటే మన తొట్టికి 4.5 గ్రాములు, మగ్గులో కరిగించి పోయండి. నీళ్లు మార్చినప్పుడు తీసిన నీళ్ల మేరకే మళ్లీ ఉప్పు వేయాలి. తొట్టిలో జియోలైట్ (అమ్మోనియాను పట్టుకునే ఒక ఖనిజం) ఉంటే ఉప్పు వేసే ముందు దాన్ని తీసేయండి, ఉప్పు తగిలితే పట్టుకున్న అమ్మోనియాను తిరిగి నీళ్లలోకి వదిలేస్తుంది. జియోలైట్ వాడాలనుకుంటే గుళికలు తీసుకోండి. రొయ్యల చెరువుల్లో చల్లే పొడి తొట్టిలో వేస్తే నీళ్లు మడ్డిగా తయారవుతాయి.

మనీ ప్లాంట్ తీగ వేళ్లు నీళ్లలో మునిగేలా పెట్టడం చవకైన సాయం, అమ్మోనియా, నైట్రేట్ రెండూ కొంత లాగుతుంది. కాలవల్లోని గుర్రపుడెక్క కూడా లాగుతుంది, కానీ దాంతోపాటు పురుగులు, జబ్బులు వస్తాయి. కాలవ నుంచి తేవద్దు.

కరెంటు పోయినప్పుడు, ఎండలు ముదిరినప్పుడు

అమ్మోనియాను నైట్రేట్ చేయడానికి బ్యాక్టీరియాకు ఆక్సిజన్ చాలా కావాలి, 1 మిల్లీగ్రాము అమ్మోనియా నైట్రోజన్‌కు 4.5 మిల్లీగ్రాములకు పైనే. 30 డిగ్రీల నీళ్లలో లీటరుకు మొత్తం కరిగేదే 7.5 మిల్లీగ్రాములు, వేడెక్కే కొద్దీ ఇంకా తగ్గుతుంది. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఒకటి ఇంట్లో ఉంచుకోండి, లేదా పంపును ఇన్వర్టరు లైనుకు కలపండి. మూత ఉన్న క్యానిస్టర్ ఫిల్టరు రెండు మూడు గంటలు ఆగిపోతే, కరెంటు రాగానే అలాగే నడపకండి. లోపల కుళ్లిన నీళ్లు తొట్టిలోకి వస్తాయి. ఆ నీళ్లు పారబోసి, స్పాంజిని తొట్టి నుంచి తీసిన నీళ్లలో ఒకసారి ఆడించి పెట్టండి.

తొట్టి మూత తీసి నీటి మీదికి చిన్న ఫ్యాను తిప్పితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. ఆవిరి ఎక్కువవుతుంది, ఆ తరుగును ఆర్‌ఓ నీళ్లతో నింపండి. టిన్ను నీళ్లకు సరైన వాడకం ఇదే. బోరు నీళ్లతో నింపుతూ పోతే లవణాలు పేరుకుని పీహెచ్ పైపైకి పోతుంది.

పూర్తయిందని తేల్చుకోవడం, మొదటి చేపలు

2 పీపీఎం అమ్మోనియా వేసి, సరిగ్గా 24 గంటలకు టెస్ట్ చేయండి. అమ్మోనియా 0, నైట్రైట్ 0 రావాలి. మర్నాడు మళ్లీ వేసి మళ్లీ అదే వస్తేనే లెక్క. ఈ తొట్టి రోజుకు 90 మిల్లీగ్రాముల అమ్మోనియాను అరిగించుకుంటోంది, అంటే సుమారు 2 గ్రాముల మేత నుంచి వచ్చేంత. ఆరు చిన్న చేపలు అందులో పదో వంతు కూడా తినవు.

నైట్రేట్ అప్పటికి బాగా పేరుకుని ఉంటుంది. ముప్పాతిక నీళ్లు మార్చి 20 పీపీఎం దగ్గరికి తీసుకురండి. నీళ్లలోనే ముందు నుంచి నైట్రేట్ ఉంటే అంత దిగదు, మొదటి రోజు రాసుకున్న అంకెకు దగ్గరగా వస్తే చాలు. పీహెచ్ మళ్లీ చూసి, ఆ రోజో మర్నాడో చేపలు వేయండి. చేపలు వారం ఆలస్యమైతే అప్పటిదాకా రోజు విడిచి రోజు 1 పీపీఎం అమ్మోనియా వేస్తూ ఉండాలి, చేపలు తెచ్చే ముందు రోజు ఆపి, 0 చూసుకోండి.

మన గట్టి నీళ్లకు గప్పీ, మోలీ, ప్లాటీ తేలిగ్గా అలవాటు పడతాయి. గోల్డ్‌ఫిష్‌కు రెండడుగుల తొట్టి చాలదు. కవరును తొట్టి నీళ్లలో 20 నిమిషాలు తేలనిచ్చి, తర్వాత కొద్దికొద్దిగా తొట్టి నీళ్లు కవరులో కలిపి, చేపను వలతో తీసి వేయండి, షాపు నీళ్లు పోయొద్దు. రెండో రోజు, నాలుగో రోజు, వారానికి అమ్మోనియా, నైట్రైట్ చూడండి. ఆదివారం ఆదివారం తొట్టి మొత్తం ఖాళీ చేసి కడిగే అలవాటు ఉంటే ఇక మానేయండి. వారానికి పావు వంతు నీళ్లు మార్చండి. స్పాంజి మూసుకుపోయి బుడగలు తగ్గినప్పుడు మాత్రమే, తీసిన తొట్టి నీళ్లలో రెండుసార్లు పిండి తిరిగి పెట్టండి.